లిటిల్ లీగ్‌లో లీగ్ వయసు, డివిజన్లు: పిల్లల్ని ఏ స్థాయిలో వేయాలి?

ఫ్రిస్కో_వాణి

అందరికీ నమస్కారం. మా బాబు 2016 జూలైలో పుట్టాడు. 2026 స్ప్రింగ్ సీజన్‌కి లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్ సంస్థలో) రిజిస్టర్ చేస్తుంటే సైట్‌లో "లీగ్ వయసు 10" అని వస్తోంది. వాడికి ఇంకా తొమ్మిదే కదా? ఇప్పటిదాకా మెషిన్ పిచ్ (యంత్రం బంతి వేసే ఆట) ఆడాడు, బంతి బాగానే కొడతాడు. మైనర్స్‌లో ప్లేయర్ పిచ్‌కి (పిల్లలే బంతి వేసేదానికి) పంపాలా, దాని పై స్థాయి మేజర్స్ ఎవాల్యుయేషన్‌కి (ఎంపిక పరీక్షకి) కూడా పేరివ్వాలా? ట్రావెల్ టీమ్ (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్టు) వాళ్లేమో వాడిది 9యూ (తొమ్మిదేళ్లు, ఆ లోపు గుంపు) అంటున్నారు. ఒక్క పిల్లవాడికి ఇన్ని వయసులేమిటో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

స్కోర్‌బుక్

వాణి గారూ, సైట్ చూపించింది సరైనదే. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో ఈ రోజు ఎన్నేళ్లన్నది లెక్కలోకి రాదు. ఆడే సంవత్సరం ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు నిండి ఉంటాయో అదే లీగ్ వయసు. 2026 సీజన్‌కి 2015 సెప్టెంబరు 1 నుంచి 2016 ఆగస్టు 31 మధ్య పుట్టినవాళ్లంతా లీగ్ వయసు 10. మీ బాబు జూలైలో పుట్టాడు కాబట్టి సీజన్ మొత్తం తొమ్మిదేళ్లవాడిగానే ఆడతాడు, కాగితం మీద మాత్రం పది.

ఇందులో మీరు పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ గుంపులో మీవాడు దాదాపు చిట్టచివరివాడు. 2015 సెప్టెంబరులో పుట్టినవాడు కూడా లీగ్ వయసు 10 కిందే వస్తాడు, అంటే పక్కన నిలబడ్డవాడు పది నెలలు పెద్ద. ఈ వయసులో పది నెలలంటే ఎత్తులో, త్రోలో, ధైర్యంలో కళ్లకు కనిపించే తేడా.

ట్రావెల్ టీమ్ వాళ్లు చెప్పిందీ తప్పు కాదు. చాలా ట్రావెల్ టోర్నమెంట్లు ఏప్రిల్ 30 నాటి వయసు చూస్తాయి. ఆ లెక్కన మీవాడు 9యూ, ఆ గుంపులో పెద్దవాళ్లలో ఒకడు. అదే పిల్లవాడు ఇక్కడ చిన్నవాడు, అక్కడ పెద్దవాడు. ట్రావెల్‌లో బాగా ఆడుతున్నాడని చూసి లిటిల్ లీగ్‌లో పైకి నెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

లిటిల్ లీగ్‌లో కూడా ఈ తేదీ మారుతూ వచ్చింది. 2005 దాకా జూలై 31, 2006 నుంచి ఏప్రిల్ 30, 2018 నుంచి ఆగస్టు 31. జూలై 31 నడిచిన రోజుల్లో పెరిగిన తరం గురించి ఒక విషయం చాలాసార్లు రాశారు: అమెరికాలో పుట్టిన మేజర్ లీగ్ ఆటగాళ్లలో ఆగస్టులో పుట్టినవాళ్లు ఎక్కువ, జూలైలో పుట్టినవాళ్లు తక్కువ. గుంపులో పెద్దవాడికి చిన్నప్పటి నుంచీ ఆడే అవకాశాలు ఎక్కువ దొరుకుతాయి, ఆ అవకాశాలే తర్వాత ఆటగా మారతాయి.

స్కూల్ క్లాసు చూసుకున్నా మీకు తేలికవుతుంది. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబరు 1 కటాఫ్, అందుకే మీవాడి క్లాసు పిల్లలు దాదాపు అందరూ లీగ్ వయసు 10లోనే ఉంటారు. వేరే కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో ఇలా కుదరదు. సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలుంటే బేస్‌బాల్ చార్ట్ చూడకండి, దానికి వేరే చార్ట్ ఉంటుంది.

డగౌట్_నాన్న

డివిజన్ల సంగతి నేను చెప్తాను. టీ బాల్ 4 నుంచి 7, మైనర్స్ 5 నుంచి 11, మేజర్స్ 9 నుంచి 12, ఇంటర్మీడియట్ 11 నుంచి 13, జూనియర్స్ 12 నుంచి 14, సీనియర్స్ 13 నుంచి 16. ఈ అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి చూడండి. కావాలనే అలా పెట్టారు. లీగ్ వయసు 10 ఉన్నవాడు మైనర్స్‌కీ అర్హుడే, మేజర్స్‌కీ అర్హుడే. ఎక్కడ ఆడొచ్చో వయసు చెప్తుంది, అక్కడి నుంచి ఆటను చూసి నిర్ణయించాలి.

మైనర్స్ అన్న పేరు కింద నిజానికి మూడు ఆటలున్నాయి: కోచ్ పిచ్, మెషిన్ పిచ్, ప్లేయర్ పిచ్. వీటిని సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని ప్రతి లీగూ తన ఇష్టం వచ్చినట్టు పిలుస్తుంది. ఒకచోట డబుల్ ఏ అంటే మెషిన్, ఇంకోచోట పిల్లలే పిచ్ చేస్తారు. పేరు చూసి రిజిస్టర్ చేయకండి. "పిచ్ ఎవరు చేస్తారు, స్టీలింగ్ (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తడం) ఉందా, నాలుగు బాల్స్ (గురి తప్పిన బంతులు) పడితే వాక్ (బ్యాటర్‌కి ఉచితంగా ఫస్ట్ బేస్) ఇస్తారా" అని మూడు ప్రశ్నలు అడగండి, స్థాయేమిటో తేలిపోతుంది.

కొలతలకొస్తే మేజర్స్ దాకా బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు, పిచింగ్ రబ్బర్ (బంతి వేసే పిచర్ నిలబడే పలక) నుంచి బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్‌కి 46 అడుగులు. ఇంటర్మీడియట్‌లో బేసులు 70, పిచింగ్ 50. అందుకే దాన్ని 50/70 అంటారు. జూనియర్స్‌కి వచ్చేసరికి పెద్దవాళ్ల ఫీల్డే: బేసులు 90 అడుగులు, పిచింగ్ 60 అడుగుల 6 అంగుళాలు.

మీ ఊళ్లో లిటిల్ లీగ్ కాకుండా పోనీ లీగ్ ఉంటే పేర్లన్నీ గుర్రాలవి: షెట్లాండ్ 5-6, పింటో 7-8, మస్టాంగ్ 9-10, బ్రాంకో 11-12, పోనీ 13-14, కోల్ట్ 15-16. అక్కడ రెండేళ్లకొక గుంపు, ఫీల్డ్ కూడా మెట్టుమెట్టుగా పెరుగుతుంది. 9-10 మస్టాంగ్‌లోనే లీడాఫ్ (బంతి వేయకముందే రన్నర్ బేస్ వదిలి కొంచెం ముందుకు రావడం) తీసుకోనిస్తారు. లిటిల్ లీగ్‌లో 60 అడుగుల ఫీల్డ్ మీద అది లేదు.

అంపైర్_మామ

లీడాఫ్ మాట వచ్చింది కాబట్టి: మేజర్స్‌లో, మైనర్స్‌లో పిచ్ చేసిన బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. 50/70 నుంచి వదలొచ్చు. పిచర్‌కి అక్కడే మొదటిసారి రన్నర్‌ని పట్టి ఉంచడం, పికాఫ్ (బేస్ వదిలిన రన్నర్‌ని అవుట్ చేసే త్రో), బాక్ (పిచర్ చేసే నిషిద్ధ కదలిక) అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి.

మైనర్స్‌కీ మేజర్స్‌కీ మధ్య తల్లిదండ్రులు గమనించని తేడా ఇంకోటి ఉంది. మేజర్స్‌లో మూడో స్ట్రైక్‌ని (కొట్టాల్సి ఉండీ కొట్టలేకపోయిన మూడో బంతిని) ప్లేట్ వెనక కూర్చునే క్యాచర్ పట్టుకోకపోతే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తొచ్చు. మైనర్స్‌లో అది లేదు, మూడో స్ట్రైక్ పడితే అవుటే. కొత్తగా పైకొచ్చిన పిల్లలు తలవంచుకుని డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వైపు నడుస్తుంటారు, కోచ్ "రన్! రన్!" అని అరుస్తుంటాడు. అంతకంటే ముఖ్యం, క్యాచర్‌కి బ్లాకింగ్ (నేలకు తగిలిన బంతిని ఒంటితో ఆపడం) రాకపోతే మేజర్స్‌లో ప్రతి స్ట్రైకవుట్ ఒక గండమే.

మైనర్స్‌లో ఒక ఇన్నింగ్స్‌కి ఐదు పరుగులు రాగానే సైడ్ మారుతుంది. మేజర్స్‌లో ఆ కాపుదల లేదు. ఆట ఆరు ఇన్నింగ్స్, ఇంటర్మీడియట్ నుంచి ఏడు.

గుంటూరు_లెఫ్టీ

నా ఉద్దేశంలో బాబుని మేజర్స్ ఎవాల్యుయేషన్‌కి పంపాలి. పిల్లలు పైస్థాయిలోనే త్వరగా నేర్చుకుంటారు. మైనర్స్ ప్లేయర్ పిచ్‌లో సగం బంతులు ప్లేట్ దాకా రావు. బాగా కొట్టే పిల్లవాడు నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వెళ్లి మూడు వాక్‌లతో తిరిగొస్తే ఏం నేర్చుకుంటాడు? మేజర్స్‌లో స్ట్రైక్ వేసే పిచర్లుంటారు. గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) పడితే ఫస్ట్‌లో పట్టేవాడుంటాడు. ఆట ఆటలా ఉంటుంది.

డగౌట్_నాన్న

లెఫ్టీ గారూ, వాక్‌ల గురించి మీరన్నది నిజం, కాదనను. కానీ మెషిన్ నుంచి నేరుగా మేజర్స్‌కి పంపితే ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం.

పిచింగ్ మెషిన్ గంటకు 40 మైళ్ల మీద పెట్టి 46 అడుగుల నుంచి వేస్తే బంతి ప్లేట్ చేరడానికి సుమారు 0.78 సెకను. పైగా అది ప్రతిసారీ దాదాపు ఒకేచోటికి వస్తుంది. మేజర్స్‌లో గట్టి పన్నెండేళ్ల పిచర్ 60 మైళ్లు వేస్తే అదే దూరానికి 0.52 సెకను. పిచర్ ముందుకు సాగి వదులుతాడు కాబట్టి నిజంగా దొరికేది ఇంకా తక్కువ. పైగా ఆ బంతి ఎటు వస్తుందో పిల్లవాడికి ముందు తెలియదు, పక్కటెముకల మీదికీ రావచ్చు. మెషిన్ బంతి బాగా కొట్టడానికీ, మనిషి చేతిలోంచి వచ్చే బంతిని చదవడానికీ చాలా దూరం ఉంది. మెషిన్ పిచ్‌లో పిల్లలు టైమింగ్ అలవాటు చేసుకుంటారు. బంతిని వదిలేయడం, తప్పుకోవడం మాత్రం నేర్చుకోరు.

ఇంటి దగ్గరే పరీక్షించొచ్చు. ఎల్-స్క్రీన్ (బంతి వేసేవాడికి అడ్డుగా ఉండే వల) వెనక నుంచి 35 అడుగుల దూరంలో పెద్దవాళ్లు 45 మైళ్ల వేగంతో వేస్తే 0.53 సెకను, అంటే మేజర్స్‌లో వేగంగా వేసే పిచర్‌తో సమానం. ముందు మెత్తని బంతులతో, హెల్మెట్ పెట్టి, ఇరవై బంతులు వేయండి. ఎన్ని కొట్టాడని లెక్కపెట్టకండి, ముందు కాలు చూడండి. కుడిచేతి బ్యాటర్ ముందు కాలు పిచర్ వైపు పడుతోందా, థర్డ్ బేస్ వైపు తప్పుకుంటోందా? ఇరవైలో ఐదారుసార్లకు మించి పక్కకు పోతుంటే ఆ వేగానికి భయం ఇంకా పోలేదని అర్థం. ఇంకొంచెం లోపలికి ఒక టెన్నిస్ బంతి వేసి చూడండి. భుజం, వీపు క్యాచర్ వైపు తిప్పి తల దించుకోవాలి. ఛాతీ చూపించి చేతులు అడ్డం పెడుతున్నాడంటే ఏ ప్లేయర్ పిచ్ డివిజన్‌కైనా పంపే ముందు ఇది నేర్పాలి.

త్రో కూడా చూడండి. 60 అడుగుల డైమండ్‌లో (నాలుగు బేసుల చదరంలో) హోమ్ నుంచి సెకండ్‌కి 84 అడుగుల 10 అంగుళాలు. ఒక్క బౌన్స్‌తోనైనా అంత దూరం నేరుగా వేయగలిగితే ఇన్‌ఫీల్డ్‌లో పనికొస్తాడు. 60 అడుగుల దూరం పది త్రోలు వేయించి, అందులో ఏడు పట్టుకునేలా వస్తే ట్రిపుల్ ఏకి (ఇక్కడ ప్లేయర్ పిచ్‌కి) సరిపోతుంది.

ఆఖరుగా ఆడే సమయం. ప్రతి పిల్లవాడికీ కనీసం ఆరు డిఫెన్సివ్ అవుట్ల పాటు ఫీల్డింగ్, ఒకసారి బ్యాటింగ్ ఇవ్వాలన్నది నిబంధన. ఆరు అవుట్లంటే రెండు ఇన్నింగ్స్. జట్టులో అందరికంటే చిన్నవాడు చాలాసార్లు ఆ రెండు ఇన్నింగ్స్ బంతి తక్కువగా వచ్చే రైట్ ఫీల్డ్‌లో నిలబడి, ఒకసారి బ్యాటు పట్టుకుని ఇంటికొస్తాడు. ట్రిపుల్ ఏలో అదే పిల్లవాడు ఆరు ఇన్నింగ్స్ షార్ట్‌స్టాప్, పిచర్, క్యాచర్ స్థానాల్లో తిరుగుతాడు. పదేళ్లవాడికి బంతి ఎన్నిసార్లు చేతిలో పడిందన్నదే చదువు.

గుంటూరు_లెఫ్టీ

ముందు కాలు పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. అయినా ఎవాల్యుయేషన్‌కి వెళ్లడంలో నష్టమేముంది? తీసుకోకపోతే మైనర్స్‌లో ఆడతాడు.

స్కోర్‌బుక్

నష్టం ఉండే లీగులూ ఉన్నాయి, లెఫ్టీ గారూ. కొన్ని లీగుల్లో మేజర్స్ జట్టు ఒకసారి డ్రాఫ్ట్ చేసుకుంటే (వంతులవారీగా ఎంచుకుంటే) పిల్లవాడు పన్నెండేళ్లదాకా ఆ జట్టులోనే ఉంటాడు. కొన్నిచోట్ల ఏటా మళ్లీ డ్రాఫ్ట్ చేస్తారు. మొదటి పద్ధతి నడిచేచోట మేనేజర్లు లీగ్ వయసు 10 ఉన్నవాడిని "వచ్చే ఏడాదికి పనికొస్తాడు" అని ముందే తీసి పెట్టుకుంటారు. ఈ ఏడాదంతా వాడు బెంచీ మీదే. మీ లీగ్‌లో ఏ పద్ధతో ప్లేయర్ ఏజెంట్‌ని (పిల్లల్ని జట్లకు కేటాయించే పని చూసేవాళ్లని) అడిగి, అప్పుడు పేరివ్వండి.

లీగ్ వయసు 12 ఉన్నవాళ్ల సంగతి దీనికి తిరగేసి. వాళ్లు మేజర్స్‌లో గానీ ఆ పైన గానీ ఆడాలి. నైపుణ్యం సరిపోక మైనర్స్‌లో ఉంచాలంటే లీగ్ బోర్డు, తల్లిదండ్రులు, డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ (చుట్టుపక్కల లీగులను చూసే అధికారి) ముగ్గురి సమ్మతీ కావాలి. పన్నెండేళ్లకు కొత్తగా ఇండియా నుంచి వచ్చి బ్యాటు పట్టే పిల్లలకు ఇది నిజంగా ఎదురయ్యే విషయమే. సీజన్ మొదలయ్యే ముందే బోర్డుతో మాట్లాడాలి.

కేరీ_ప్లేయర్_ఏజెంట్

ఈ చర్చకు దగ్గరి ప్రశ్నే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. 8 నుంచి 10 వయసుల్లో 48 మంది పిల్లలు, నాలుగు ప్లేయర్ పిచ్ జట్లు. జట్లు సమానంగా రావాలంటే ఎవాల్యుయేషన్, డ్రాఫ్ట్ ఎలా పెట్టాలి? పోయిన సీజన్‌లో ఒక జట్టు అన్నీ గెలిచింది, ఒక జట్టు అన్నీ ఓడింది.

మూడో_బేస్

ముందు ఎవాల్యుయేషన్. పిల్లల వీపు మీద నంబర్ మాత్రమే ఉండాలి, పేరు వద్దు. ఐదు స్టేషన్లు పెట్టండి. గ్రౌండర్లు ఐదు: రెండు నేరుగా, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి నెమ్మదిగా. అన్నీ పట్టి ఫస్ట్‌కి వేయాలి. ఫ్లై బాల్స్ (పైకి లేచి వచ్చే బంతులు) మూడు, చేత్తో విసిరినవి చాలు. బ్యాటుతో కొడితే ఒక పిల్లవాడికి పడ్డట్టు ఇంకొకడికి పడదు. బ్యాటింగ్‌కి ఎనిమిది బంతులు, అందరికీ ఒకే మెషిన్, ఒకే వేగం. పిచింగ్ ఎనిమిది బంతులు, ఆసక్తి ఉన్నవాళ్లకే కాకుండా అందరికీ. "నేను పిచ్ చేయను" అన్న పిల్లల్లోనే స్ట్రైకులు వేసేవాడు దొరుకుతుంటాడు. పరుగు హోమ్ నుంచి ఫస్ట్‌కి స్టాప్‌వాచ్‌తో.

ప్రతి స్టేషన్‌కీ 1 నుంచి 5 మార్కులు. చూసేవాళ్లు కనీసం ముగ్గురు, వీలైతే ఐదుగురు. ఐదుగురుంటే ఎక్కువ మార్కు ఒకటి, తక్కువ మార్కు ఒకటి తీసేసి మిగతా మూడూ కలపండి. పిల్లలందరి కంటే ముందు ఒకరిద్దరిని చూసి "ఇది 3" అని చూసేవాళ్లంతా ఒక మాట మీదికి రావాలి. ఆ పని చేయకపోతే ఒకరి 3, ఇంకొకరి 4 ఒకటే అవుతాయి, మార్కుల్లో పస ఉండదు.

ఇంత చేసినా ఒక్క ఉదయం చూసింది చాలదు. బిడియం ఉన్నవాడు ఆ రోజు చేతులు ముడుచుకుంటాడు. తమవాళ్లను తక్కువ చేసి ఆడమని చెప్పి, డ్రాఫ్ట్‌లో చివర్లో తీసుకునే మేనేజర్లూ ఉంటారు. అందుకే పోయిన సీజన్ కోచ్ ఇచ్చిన రేటింగ్ సగం, ఎవాల్యుయేషన్ సగం కలపండి. రెంటి మధ్యా బాగా తేడా వచ్చిన పిల్లల్ని మళ్లీ పిలిచి చూడండి.

ఇక డ్రాఫ్ట్. 48 మందికి నాలుగు జట్లంటే జట్టుకి పన్నెండు. వరస పాములా తిరగాలి: 1-2-3-4, తర్వాత 4-3-2-1, మళ్లీ 1-2-3-4. మేనేజర్ పిల్లలు, అసిస్టెంట్ కోచ్ పిల్లలు ఏ రౌండ్‌లో లెక్కకొస్తారో బోర్డు మార్కులను బట్టి ముందే నిర్ణయించి కాగితం మీద పెట్టాలి. జట్లు ఒరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొదటి రౌండ్‌కి తగిన తన కొడుకునీ, రెండో రౌండ్‌కి తగిన అసిస్టెంట్ కొడుకునీ ఇద్దరినీ ఐదు, ఆరు రౌండ్లలో తీసుకుంటే ఆ జట్టుకి నలుగురు టాప్ ఆటగాళ్లు వచ్చేస్తారు, మిగతా జట్లకు ఒకరిద్దరు.

ఈ వయసులో ఆటను తేల్చేది పిచర్లు. మొత్తం మార్కులు సమానమైనా స్ట్రైకులు వేసేవాళ్లంతా ఒకే జట్టులో పడితే ఏమీ లాభం లేదు. లెక్క వేద్దాం. ఇన్నింగ్స్‌కి ఇరవై బంతుల చొప్పున ఆరు ఇన్నింగ్స్‌కి 120. వారానికి రెండు ఆటలకు 240. ఒక్కొక్కరు 35 బంతుల దగ్గర ఆపితే వారానికి ఏడుసార్లు పిచర్ కావాలి. ఒకే పిల్లవాడు రెండుసార్లు వేసినా జట్టుకి నలుగురైదుగురు ఉండాలి. నాలుగు జట్లకు ఇరవై మంది. మీ 48 మందిలో పిచింగ్ మార్కు 3 దాటినవాళ్లు ఎంతమందో చూడండి. పన్నెండు మందే ఉంటే ప్లేయర్ పిచ్ జట్లు మూడే పెట్టి, మిగతావాళ్లను మెషిన్‌లో ఉంచడం మేలు. కాదంటారా, నాలుగు బాల్స్ పడగానే వాక్ ఇవ్వకుండా బ్యాటింగ్ జట్టు కోచ్ వచ్చి పిచ్ చేసే లోకల్ రూల్ పెట్టండి. అప్పటిదాకా పడ్డ స్ట్రైకులు అలాగే ఉంటాయి, కోచ్ బంతులకు స్టీలింగ్ ఉండదు. లెఫ్టీ గారు చెప్పిన వాక్‌ల బెడద దీంతో చాలావరకు పోతుంది. ఆ రూల్ సీజన్ మొదలయ్యే ముందే రాతపూర్వకంగా అందరి చేతికీ వెళ్లాలి. మధ్యలో పెడితే ప్రతి ఆటా తగవే.

కర్వ్‌బాల్_వద్దు

పిచ్ కౌంట్ (పిచర్ వేసిన బంతుల లెక్క) గురించి ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాలి, కోచ్‌లకు వదిలేయకండి. లీగ్ వయసును బట్టి రోజుకు గరిష్ఠం: 7-8 కి 50, 9-10 కి 75, 11-12 కి 85, 13-16 కి 95. పద్నాలుగేళ్లలోపు వాళ్లకు విశ్రాంతి: 20 బంతుల దాకా అక్కర్లేదు, 21 నుంచి 35 వరకు ఒక రోజు, 36 నుంచి 50 వరకు రెండు, 51 నుంచి 65 వరకు మూడు, 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే నాలుగు.

రోజులంటే క్యాలెండర్ రోజులు. శనివారం 50 బంతులు వేస్తే ఆది, సోమ విశ్రాంతి, మంగళవారం వేయొచ్చు. ఒక్క బంతి ఎక్కువై 51 అయితే బుధవారం దాకా ఆగాలి. బ్యాటర్ మధ్యలో ఉండగా 50 వస్తే ఆ బ్యాటర్‌ని పూర్తి చేయనిస్తారు. అతని తర్వాత ఇంకో బ్యాటర్‌కి ఒక్క బంతి కూడా వేయకుండా దింపేస్తే 50 కిందే లెక్క. స్కోరర్ చేతిలో క్లిక్కర్ ఉండి, ప్రతి ఇన్నింగ్స్ చివర రెండు జట్ల స్కోరర్లూ అంకె సరిచూసుకుంటే గొడవ రాదు.

క్యాచర్‌తో ముడిపడ్డ నిబంధన ఎక్కువమంది మర్చిపోతారు. 41 లేదా అంతకంటే ఎక్కువ బంతులు పిచ్ చేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా కూర్చోకూడదు. నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచ్ చేయకూడదు. కారణం తేలిక: క్యాచర్ కూడా ప్రతి బంతినీ వెనక్కి విసురుతూనే ఉంటాడు, ఆ చేతికి అదీ పనే.

వాణి గారూ, లిటిల్ లీగ్‌తో పాటు ట్రావెల్ కూడా ఆడిస్తే రెండుచోట్లా వేసిన బంతులు కలిపి లెక్కపెట్టేది మీరే. ఇక్కడి కోచ్‌కి అక్కడి ఆట కనిపించదు. శనివారం ట్రావెల్‌లో 60, ఆదివారం లిటిల్ లీగ్‌లో 40 వేయించడం ఈ దేశంలో కొత్త సంగతేమీ కాదు. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 9-12 వయసువాళ్లు పన్నెండు నెలల్లో అన్ని జట్లకూ కలిపి 80 ఇన్నింగ్స్ మించకూడదు. ఏడాదిలో నాలుగు నెలలు బంతి విసరడం మానాలి, అందులో కనీసం రెండు మూడు నెలలు వరుసగా ఉండాలి. మోచేయి లోపలివైపు ఎముక చివర ఇంకా మెత్తగా, ఎదుగుతూ ఉండే వయసది. అక్కడ వేలితో నొక్కితే నొప్పి అన్నాడంటే ఆ రోజు నుంచి విసరడం ఆపి డాక్టర్‌కి చూపించాలి. ఐస్ పెట్టి మర్నాడు ఆడించకూడదు.

ఎడిసన్_అమ్మ

బ్యాటు విషయంలో కూడా డివిజన్ చూసుకోవాలా? ట్రావెల్ కోసం కొన్నది లిటిల్ లీగ్‌లో పనికొస్తుందా?

అంపైర్_మామ

చాలాసార్లు రాదమ్మా. 2018 జనవరి 1 నుంచి లిటిల్ లీగ్‌లో, ఒకే చెక్కతో చేసినవి తప్ప, యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్లే చెల్లుతాయి. ట్రావెల్‌లో ఎక్కువగా వాడే యూఎస్‌ట్రిపుల్‌ఎస్ఏ ముద్ర బ్యాట్లలో బంతి ఇంకా గట్టిగా ఎగురుతుంది, వాటిని ఇక్కడ ఆడనివ్వరు. మేజర్స్ దాకా పొడవు 33 అంగుళాలు, బ్యారెల్ (బంతి తగిలే లావు భాగం) 2 5/8 అంగుళాలు మించకూడదు. ఇంటర్మీడియట్, జూనియర్స్‌లో యూఎస్ఏ గానీ బీబీకోర్ (పెద్ద పిల్లల బ్యాట్ల ప్రమాణం) గానీ చెల్లుతుంది. పన్నెండేళ్లవాడికి "ముందుముందు పనికొస్తుంది" అని బీబీకోర్ కొనకండి. అది డ్రాప్ 3, అంటే 31 అంగుళాల బ్యాటు 28 ఔన్సులు. పిల్లవాడి స్వింగ్ పాడవుతుంది.

టీ బాల్‌కి కొనే 26 అంగుళాల లోపు బ్యాట్ల మీద టీ బాల్ బంతులకు మాత్రమే అని రాసి ఉంటే దాంతో మామూలు గట్టి బంతి కొట్టించకండి, సొట్ట పడుతుంది. మెత్తని బంతుల్లో కూడా స్థాయిలున్నాయి: లెవెల్ 1 అన్నిటికంటే మెత్తన, లెవెల్ 5 ఇంకొంచెం గట్టి. టీ బాల్‌కి 1, కోచ్ పిచ్‌కి 5 సరిపోతాయి. మామూలు బంతి 5 నుంచి 5¼ ఔన్సులు.

నల్లగొండ_టు_ఫ్రిస్కో

ఇండియాలో పుట్టిన పిల్లలకు వయసు రుజువుగా ఏం అడుగుతారు?

స్కోర్‌బుక్

మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన అసలు జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. పేరు రాయకుండా "బేబీ బాయ్" అని ఉన్న పాత పత్రమైతే ఇప్పుడే పేరు నమోదు చేయించి కొత్తది తెప్పించండి, ఆల్‌స్టార్స్‌కి (లీగ్‌లో మేటి పిల్లల జట్టుకి) ఎంపికయ్యాక తిరిగితే సమయం చాలదు. దానితో పాటు లీగ్ సరిహద్దుల్లో ఉంటున్నట్టు నివాస పత్రాలు గానీ, ఆ సరిహద్దుల్లోని స్కూల్లో చదువుతున్నట్టు నమోదు పత్రం గానీ కావాలి. 2001లో లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌కి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ నుంచి వచ్చిన జట్టులో పిచర్‌కి పన్నెండు కాదు, పద్నాలుగేళ్లని బయటపడి ఆ జట్టు విజయాలన్నీ రద్దయ్యాయి. పత్రాల విషయంలో ఇంత పట్టుగా ఉంటారంటే అలాంటివి చూశారు కాబట్టే.

ఎడిసన్_అమ్మ

ఇంకొక్క మాట చేరుస్తాను. శారీరకంగా, మానసికంగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు లిటిల్ లీగ్‌లో ఛాలెంజర్ డివిజన్ ఉంది, 1989 నుంచి నడుస్తోంది. 4 నుంచి 18 ఏళ్లు, స్కూల్లో చదువుతుంటే 22 దాకా. ప్రతి పిల్లవాడి పక్కనా ఒక బడ్డీ ఉంటాడు, బేసుల మీద తోడుగా వెళ్తాడు. మన ఇళ్లలో ఇలాంటి పిల్లల్ని ఆటలకు తీసుకెళ్లడానికి వెనకాడతారు. దయచేసి మీ లీగ్‌లో ఉందేమో అడగండి. లేకపోతే పక్క లీగ్‌లో ఆడనిస్తారేమో కనుక్కోండి.

గుంటూరు_లెఫ్టీ

క్రికెట్ ఆడి వచ్చిన పిల్లలు ఈ డివిజన్లలో ఎక్కడ ఇముడుతారు? ఈ ప్రశ్న ప్రతి సీజన్ వస్తుంది.

డగౌట్_నాన్న

చేయి, కన్ను బాగానే ఉంటాయి కాబట్టి కోచ్‌లు ఎవాల్యుయేషన్‌లో ఎక్కువ మార్కులేస్తారు. ఆటలో తేడా తెలుస్తుంది. క్రికెట్ పిల్లలు నేల మీద బౌన్స్ అయి వచ్చే బంతికి అలవాటు పడి ఉంటారు, నడుము ఎత్తులో నేరుగా వచ్చే బంతికి బ్యాటు కిందినుంచి పైకి లేపుతారు. గ్లవ్‌తో పట్టాల్సిన గ్రౌండర్‌కి ఉత్త చేయి ముందుకు పోతుంది, వేళ్లు దెబ్బతింటాయి. అన్నిటికంటే కష్టం బేస్ రన్నింగ్: ఎప్పుడు తప్పనిసరిగా పరిగెత్తాలి, ఫ్లై బాల్‌కి ఎప్పుడు ఆగాలి. ఎంత బాగా కొట్టినా మొదటి సీజన్ తన వయసుకి తగిన డివిజన్లలో కిందిదాంట్లోనే వేయండి. సగం సీజన్ గడిచేసరికి సర్దుకుంటారు.

ఫ్రిస్కో_వాణి

అందరికీ చాలా ధన్యవాదాలు. ముందు కాలు పరీక్ష చేశాం, ఇరవైలో తొమ్మిదిసార్లు పక్కకు పోయింది. ట్రిపుల్ ఏ ప్లేయర్ పిచ్‌కే రిజిస్టర్ చేస్తున్నాను. మా లీగ్‌లో మేజర్స్ జట్లు పిల్లల్ని ఏటా ఉంచేసుకుంటాయట, అది కూడా అడిగాను. ఒకవేళ మధ్యలో మేజర్స్ జట్టులో ఎవరైనా తప్పుకుంటే మావాణ్ణి పిలుస్తారా? అప్పుడు కాదనొచ్చా?

మూడో_బేస్

పిలవొచ్చు. ఖాళీ వస్తే మైనర్స్ నుంచే నింపుతారు. కాదంటే ఏమవుతుందన్నది లీగ్‌ను బట్టి ఉంటుంది, కొన్నిచోట్ల ఆ సీజన్‌లో మళ్లీ పిలవరు, అంతే. రిజిస్ట్రేషన్ ఫారంలో వ్యాఖ్యల గడి ఉంటే "2026 స్ప్రింగ్‌లో మైనర్స్ ప్లేయర్ పిచ్‌లోనే ఉంచండి, మధ్యలో పైకి పిలవద్దు" అని రాసి, అదే మాట ప్లేయర్ ఏజెంట్‌కి ఈమెయిల్ కూడా చేయండి. డ్రాఫ్ట్ రోజున ఆయన చేతిలో కాగితం ఉంటుంది.

తర్వాత ఫాల్ బాల్‌లో (శరదృతువు సీజన్‌లో) చూసుకోండి. చాలా లీగుల్లో ఫాల్‌కి వచ్చే ఏడాది లీగ్ వయసు తీసుకుంటారు, పాయింట్ల పట్టిక ఉండదు, పన్నెండేళ్లవాళ్లు అప్పటికి 50/70కి వెళ్లిపోతారు. మీవాడు లీగ్ వయసు 11గా మేజర్స్ ఫీల్డ్ మీద పెద్ద పిచర్లు లేకుండా ఆడి చూస్తాడు. అప్పుడు మళ్లీ ఇరవై బంతులు వేసి కాలు చూడండి.